టాబ్లెట్‌తో హెడ్‌ఫోన్ సంగీతం: ఐప్యాడా, ఆండ్రాయిడా, ల్యాప్‌టాపా, విడి ప్లేయరా?

మంచి హెడ్‌ఫోన్ కొన్నాక చాలామందికి వచ్చే సందేహం ఒకటే: దీనికి పాట దేని నుంచి ఇవ్వాలి? ఆన్‌లైన్ క్లాసుల రోజుల్లో పిల్లల కోసం కొన్న టాబ్లెట్ ఇంట్లో ఖాళీగా ఉంటుంది. ఆఫీసు ల్యాప్‌టాప్ ఉంటుంది, ఫోన్ సరేసరి. ఇవేవీ పనికిరావు, పాటల కోసమే చేసిన ప్లేయర్ కొనాల్సిందేనని వీడియోల్లో చెప్పేవాళ్లూ ఉంటారు. హనుమకొండలో అయినా, కరీంనగర్‌లో అయినా వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి, విని కొనుక్కునే వీలు దొరకడం కష్టం. అందుకే లెక్క ముందే వేసుకోవాలి.

నా అభిప్రాయం మొదటే చెప్తాను. ఇంట్లో ఒకచోట కూర్చుని వినేవాళ్లకు టాబ్లెట్ చాలా మంచి ఎంపిక. షరతు ఒకటే: పాటను దాని యూఎస్‌బీ పోర్టు నుంచి బయటి డాక్‌కు పంపాలి. డాక్ (DAC) అంటే అంకెల రూపంలో ఉన్న పాటను హెడ్‌ఫోన్‌కు పనికొచ్చే కరెంటు సిగ్నల్‌గా మార్చే పెట్టె. అది వచ్చాక టాబ్లెట్ చేసే పని అంకెలు పంపడం వరకే. ధ్వని బాధ్యత డాక్, ఆ సిగ్నల్‌ను పెంచే యాంప్, హెడ్‌ఫోన్‌లది. కాబట్టి ఖరీదైన టాబ్లెట్ వల్ల పాట ఇంకా బాగా వినిపిస్తుందని ఆశపడి డబ్బు పెట్టొద్దు. టాబ్లెట్‌ను ఎంచుకోవాల్సింది పోర్టు, స్టోరేజీ, చార్జింగ్ చూసి.

## ముందు తేల్చుకోవాల్సినవి

మీ పాటలు ఎక్కడున్నాయి? సగం నిర్ణయం ఇక్కడే అయిపోతుంది. అన్నీ స్ట్రీమింగ్ యాప్‌లోనే వినేవాళ్ల దారి వేరు. మన దగ్గర ఇంకో రకం శ్రోతలు చాలామంది ఉన్నారు: మెమరీ కార్డుల్లో, పాత హార్డ్ డిస్కుల్లో ఒగ్గు కథలు, బతుకమ్మ పాటలు, మేడారం జాతరలో ఫోన్‌లో పట్టుకున్న రికార్డింగులు దాచుకున్నవాళ్లు. ఇవి స్ట్రీమింగ్‌లో దొరకవు, దొరికినా సగంలో తెగినవో, పేరు తప్పుగా పెట్టినవో ఉంటాయి. ఇలాంటి నిధి ఉన్నవాళ్లకు మెమరీ కార్డు స్లాటు, ఫైళ్లు సులువుగా ఎక్కించుకునే వీలు ముఖ్యం.

ఇక్కడే ఒక చేదు నిజం కూడా చెప్పాలి. మొబైల్ షాపులో కార్డు నిండా ఎక్కించి ఇచ్చే పాటల్లో చాలావరకు 128 కేబీపీఎస్ (సెకనుకు పాటలో ఉండే సమాచారం కొలత) ఎంపీ3లు, అంటే సమాచారం కోసి చిన్నవి చేసిన ఫైళ్లు. పేరులో 320 అని ఉన్నా, కొన్ని 128 నుంచే మళ్లీ మార్చినవి. సీడీ నాణ్యత అంటే 1,411 కేబీపీఎస్. ఒకసారి కోసేసిన సమాచారాన్ని ఏ డాకూ తిరిగి తేలేదు. మీ దగ్గరున్నవి ఎక్కువగా ఇవే అయితే, పెట్టె మార్చే ముందు పాటలు మార్చండి.

హెడ్‌ఫోన్ ఎంత మొండిది? కరెంటుకు హెడ్‌ఫోన్ పెట్టే అడ్డును ఓమ్‌లలో కొలుస్తారు. 32 ఓమ్‌ల దగ్గరుండే మామూలు హెడ్‌ఫోన్‌ను చిన్న డాంగిల్ (పోర్టుకు తగిలించే వేలెడంత డాక్) కూడా హాయిగా నడుపుతుంది. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 లాంటిది 300 ఓమ్‌లు. దానికి 1 వోల్టు ఇస్తే 97 డెసిబెల్ ధ్వని వస్తుంది. వోల్టేజీ రెట్టింపు చేసిన ప్రతిసారీ 6 డెసిబెల్ పెరుగుతుంది. అంటే సుమారు 1 వోల్టు ఇచ్చే యాపిల్ చిన్న డాంగిల్‌తో పాటలోని అతి పెద్ద శబ్దం 97 దగ్గర ఆగుతుంది, 2 వోల్టుల డాంగిల్‌తో 103కు చేరుతుంది. ఇప్పటి సినిమా పాటలు గట్టిగానే రికార్డవుతాయి కాబట్టి వాటికి మొదటిదీ సరిపోతుంది. మెల్లగా మొదలై పైకి వెళ్లే పాత కర్ణాటక కచేరీ రికార్డింగులు పెట్టినప్పుడు మాత్రం వాల్యూమ్ చివరిదాకా తిప్పినా ఇంకొంచెం ఉంటే బాగుండనిపిస్తుంది.

వింటూ చార్జింగ్ పెట్టగలరా? టాబ్లెట్‌కు ఉండేది ఒకటే పోర్టు. డాక్ అందులో పెడితే చార్జర్‌కు చోటుండదు. కొనేముందు దీని గురించి ఎవరూ ఆలోచించరు, కొన్నాక రోజూ విసిగించేది ఇదే.

మీ ఇంటి కరెంటు ఎలా ఉంది? ఎర్తింగ్ సరిగా లేని ఇళ్లలో చార్జర్ పెట్టిన ల్యాప్‌టాప్ నుంచి యాంప్‌లోకి గుయ్యిమనే హమ్ వస్తుంది. కరెంటు పోయి స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీదికి వెళ్తే అది ఇంకా పెరుగుతుంది. ఆ టైంలో ఫ్యాన్ కూడా వేరే మోత మోగుతుంది కదా, యాంప్‌లో వినిపించేదీ ఆ బాపతే. బ్యాటరీ మీద నడిచే టాబ్లెట్, దాని నుంచే కరెంటు తీసుకునే డాంగిల్ కలిస్తే ఈ గొడవ ఉండదు. గోడ నుంచి ఏ తీగా రాదు, హమ్ వచ్చే దారే లేదు. నిశ్శబ్దం దగ్గర టాబ్లెట్‌కున్న అసలు బలం ఇదే.

## ఐప్యాడ్

స్ట్రీమింగ్‌లో వినేవాళ్లకు అన్నిటికన్నా తక్కువ తలనొప్పి ఇందులోనే. యాపిల్ మ్యూజిక్ 2021 జూన్ నుంచి లాస్‌లెస్ (సమాచారం ఏమీ కోయని) పాటలను అదనపు డబ్బు లేకుండా ఇస్తోంది. 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ దాకా ఉంటాయి. డాక్ తగిలించగానే ఐప్యాడ్ ప్రతి పాటకూ తగిన శాంపిల్ రేటును (సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలిచారన్న లెక్క, కిలోహెర్ట్జ్‌లో) తనంతట తానే మార్చుకుంటుంది. మ్యాక్ కంప్యూటర్‌లో ఈ మార్పు మనమే సెట్టింగుల్లోకి వెళ్లి చేసుకోవాలి, ఐప్యాడ్‌లో ఆ పని లేదు. 48 కిలోహెర్ట్జ్ దాటిన పాటలు పూర్తిగా రావాలంటే బయటి డాక్ తప్పనిసరి, యాపిల్ సొంత డాంగిల్ 48 దగ్గరే ఆగిపోతుంది.

పోర్టు సంగతి మోడల్‌ను బట్టి ఉంటుంది. 2021లో వచ్చిన తొమ్మిదో తరం మామూలు ఐప్యాడ్‌కు లైట్నింగ్ అనే యాపిల్ సొంత పోర్టు, హెడ్‌ఫోన్ జాక్ రెండూ ఉన్నాయి. 2022లోని పదో తరానికి టైప్-సీ వచ్చింది, జాక్ పోయింది. పాత లైట్నింగ్ ఐప్యాడ్ ఉంటే యాపిల్ అమ్మే యూఎస్‌బీ 3 కెమెరా అడాప్టర్ కొనండి. దానికి డాక్‌తో పాటు చార్జర్ తగిలించే రంధ్రం కూడా ఉంటుంది. అంటే వింటూ చార్జింగ్ అనే సమస్య పాత ఐప్యాడ్‌కే శుభ్రంగా తీరిపోతుంది. ఇంట్లో ఖాళీగా ఉన్నది అదే అయితే కొత్తది కొనే అవసరమే లేదు.

లోటు ఏమిటంటే సొంత ఫైళ్లు. ఐప్యాడ్‌కు మెమరీ కార్డు స్లాటు లేదు. దానిలోని మ్యూజిక్ యాప్ ఫ్లాక్ (ఒక లాస్‌లెస్ రకం) ఫైళ్లను తీసుకోదు. ఫూబార్2000, వీఎల్‌సీ లాంటి ఉచిత యాప్‌లు ఫ్లాక్ ఆడిస్తాయి, వీఎల్‌సీలోకి వైఫై మీద బ్రౌజర్ నుంచే పాటలు పంపొచ్చు. కొన్ని ఆల్బమ్‌లకైతే ఇది చాలు. హార్డ్ డిస్కు నిండా ఉన్నవాళ్లకు ఇది ఓపికకు పరీక్ష, పైగా ఎక్కువ స్టోరేజీ ఉన్న ఐప్యాడ్‌కు యాపిల్ వేసే ధర మామూలుది కాదు.

## ఆండ్రాయిడ్ టాబ్లెట్

మెమరీ కార్డు నిధి ఉన్నవాళ్ల చోటు ఇది. శాంసంగ్ గెలాక్సీ టాబ్ ఏ9 ప్లస్, రెడ్‌మీ ప్యాడ్ ఎస్‌ఈ లాంటి అందుబాటు ధర టాబ్లెట్లకు కార్డు స్లాటు, 3.5 మిల్లీమీటర్ల జాక్ రెండూ ఉన్నాయి. విచిత్రంగా ఖరీదైన వాటిలోనే జాక్ తీసేశారు. కంప్యూటర్ నుంచి కార్డులోకి ఫోల్డర్లు లాగి వేయడమే, ఒగ్గు కథలు ఒక ఫోల్డర్, అమ్మమ్మ గొంతులోని బతుకమ్మ పాటలు ఒక ఫోల్డర్. ఏ యాప్ అనుమతీ అక్కర్లేదు.

చిక్కు ఇంకోచోట ఉంది. ఆండ్రాయిడ్ అన్ని శబ్దాలనూ, అంటే పాట, నోటిఫికేషన్, వీడియో అన్నిటినీ ఒకచోట కలిపి ఎక్కువగా 48 కిలోహెర్ట్జ్‌కు మార్చి బయటికి పంపుతుంది. సీడీ నుంచి తీసిన పాట 44.1 కిలోహెర్ట్జ్. దాన్ని దారిలోనే మార్చేస్తుంది. దీన్నే రీశాంప్లింగ్ అంటారు. నిజం చెప్పాలంటే ఇప్పటి టాబ్లెట్లలో ఈ మార్పు చెవికి పట్టుబడటం చాలా కష్టం. దీని గురించి టెన్షన్ పడి నిద్ర మానుకోవాల్సిన పని లేదు. అయినా ఫైలులో ఉన్నది ఉన్నట్టు డాక్‌కు చేరాలనుకుంటే దారులున్నాయి. యూఎస్‌బీ ఆడియో ప్లేయర్ ప్రో అనే యాప్ ఒక్కసారి డబ్బు కట్టి కొనుక్కునేది, సిస్టమ్‌ను పక్కనపెట్టి నేరుగా డాక్‌తో మాట్లాడుతుంది. హైబీ మ్యూజిక్ యాప్‌లోనూ ఇలాంటి వీలుంది, అది ఉచితం. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14 ఈ సౌకర్యాన్ని సిస్టమ్‌లోనే చేర్చింది కానీ, టాబ్లెట్ కంపెనీ, యాప్ రెండూ దాన్ని వాడుకుంటేనే ఫలితం.

పని జరుగుతోందో లేదో తెలుసుకోవడం తేలిక. చాలా డాక్‌ల మీద శాంపిల్ రేటును బట్టి రంగు మారే చిన్న లైటో, అంకె చూపే స్క్రీనో ఉంటుంది. 44.1 పాట ఒకటి, 96 పాట ఒకటి వరుసగా పెట్టి చూడండి. రెండింటికీ అదే రంగు వెలిగితే మధ్యలో సిస్టమ్ చెయ్యి పెట్టినట్టే.

ఈ నేరుగా పంపే పద్ధతిలో ఒక ప్రమాదం ఉంది, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. డాక్‌లో సొంత వాల్యూమ్ నియంత్రణ లేకపోతే పాట పూర్తి వాల్యూమ్‌తో ఒక్కసారిగా మోగుతుంది. మొదటిసారి ప్లే నొక్కేటప్పుడు హెడ్‌ఫోన్ చెవులకు పెట్టుకోకుండా టేబుల్ మీద ఉంచండి. పెద్దవాళ్లకు వారానికి 40 గంటల పాటు 80 డెసిబెల్ వరకే క్షేమమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, శబ్దం పెరిగే కొద్దీ ఆ గంటలు వేగంగా తగ్గిపోతాయి. పోయిన వినికిడి తిరిగి రాదు.

యాపిల్ మ్యూజిక్ ఆండ్రాయిడ్‌లోనూ ఉంది, లాస్‌లెస్ కూడా వస్తుంది. కానీ దాని పాటలను పైన చెప్పిన ప్రత్యేక యాప్‌లలో ఆడించడం కుదరదు.

## ల్యాప్‌టాప్, ఫోన్, విడి ప్లేయర్

ల్యాప్‌టాప్‌కు పోర్టులు ఎక్కువ, స్టోరేజీ ఎక్కువ. విండోస్‌లో ఫూబార్2000 పెట్టి వాసపి (WASAPI) ఎక్స్‌క్లూజివ్ మోడ్, అంటే పాటను నేరుగా డాక్‌కు పంపే పద్ధతి, ఎంచుకుంటే రీశాంప్లింగ్ ఉండదు. పనిచేస్తూ వినేవాళ్లకు ఇదే సహజమైన దారి. నచ్చనివి రెండు: ఫ్యాన్ చప్పుడు, చార్జర్ హమ్. వెనక తెరిచి ఉండే ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్‌లో ఎండాకాలం ల్యాప్‌టాప్ ఫ్యాన్ మోత పాట మధ్యలోకి నేరుగా వచ్చేస్తుంది. హమ్ ఎక్కడిదో తెలియాలంటే పాట ఆపి, యాంప్ వాల్యూమ్ పెంచి, చార్జర్ పిన్ను తీసి చూడండి. ఆగిపోతే దొంగ దొరికినట్టే.

ఫోన్ గురించి చెప్పడానికి తక్కువ. ధ్వని విషయంలో టాబ్లెట్ చేసేదంతా చేస్తుంది. కాల్స్, మెసేజీలు మధ్యలో దూరతాయి, బ్యాటరీ త్వరగా అయిపోతుంది. కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రైల్లో రోజూ వెళ్లి వచ్చేవాళ్లకు మాత్రం ఫోన్, డాంగిల్, ఇయర్‌ఫోన్ మించినది లేదు. నిలబడే ప్రయాణంలో పది అంగుళాల పలక పట్టుకుని ఎవరు వింటారు?

విడి ప్లేయర్లలో సోనీ వాక్‌మ్యాన్ ఎన్‌డబ్ల్యూ-ఏ306, ఫియో, హైబీ కంపెనీలవి తెలిసినవే. డాక్, యాంప్, కార్డు స్లాటు ఒకే పెట్టెలో ఉంటాయి, తీగల గోల లేదు. పాట వినేటప్పుడు ఇంకేదీ చేయకూడదనుకునేవాళ్లకు ఇవి నిజంగా సంతోషాన్నిస్తాయి. ఇబ్బందల్లా ఖర్చు, అందులోని ఆండ్రాయిడ్ పాతబడటం. డాక్ పదేళ్లయినా పనిచేస్తుంది. ప్లేయర్‌లోని సాఫ్ట్‌వేర్ పాతదై స్ట్రీమింగ్ యాప్ ఆగిపోయిన రోజు, అందులో ఉన్న మంచి డాక్ కూడా దానితోపాటే మూలన పడుతుంది. టాబ్లెట్, డాక్ విడివిడిగా ఉంటే చెడినదాన్నే మార్చుకోవచ్చు.

ఇంకో దారి కూడా ఉంది, చేత్తో పని చేయడం ఇష్టమున్న ఇంజినీరింగ్ పిల్లలకు నచ్చుతుంది. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద వాల్యూమియో గానీ మూడ్ ఆడియో గానీ (రెండూ పాటలు ఆడించే సాఫ్ట్‌వేర్లు) ఎక్కించి, డాక్‌ను దానికి తగిలించి, పాటల హార్డ్ డిస్కు పక్కన పెట్టండి. టాబ్లెట్ అప్పుడు రిమోట్ మాత్రమే. మంచం మీద పడుకుని పాటలు మార్చుకోవచ్చు, చార్జింగ్ సమస్యే రాదు.

బ్లూటూత్ అడిగేవాళ్లకు ఒక్క మాట: బ్లూటూత్ మీద పాటను కుదించి పంపే పద్ధతుల్లో ఐప్యాడ్‌లో ఏఏసీ వరకే. ఆండ్రాయిడ్‌లో ఎల్‌డాక్ (LDAC) అనే పద్ధతి ఉంటే 990 కేబీపీఎస్ దాకా పోతుంది, అదీ సీడీ కన్నా తక్కువే. వంట చేస్తూ వినడానికి సరిపోతుంది, తీగ హెడ్‌ఫోన్ కొన్నవాళ్లు ఇటు రావాల్సిన పని లేదు.

## ఒకచోట పెట్టి చూస్తే

| ఎంపిక | సొంత ఫైళ్లు | స్ట్రీమింగ్ | వింటూ చార్జింగ్ | కరెంటు హమ్ |
|---|---|---|---|---|
| ఐప్యాడ్ | ఎక్కించడం కష్టం | చాలా బాగుంటుంది | లైట్నింగ్ అయితే అడాప్టర్, టైప్-సీ అయితే హబ్ (ఒక పోర్టును కొన్ని పోర్టులుగా చేసే ముక్క) | బ్యాటరీ మీద ఉండదు |
| ఆండ్రాయిడ్ టాబ్లెట్ | చాలా సులువు | బాగుంటుంది, రీశాంప్లింగ్ ఉండొచ్చు | హబ్ కావాలి, పరీక్షించి కొనాలి | బ్యాటరీ మీద ఉండదు |
| ల్యాప్‌టాప్ | సులువు | బాగుంటుంది | ఇబ్బంది లేదు | వచ్చే అవకాశం ఎక్కువ |
| ఫోన్ | మోడల్‌ను బట్టి | బాగుంటుంది | టాబ్లెట్ లాంటిదే | బ్యాటరీ మీద ఉండదు |
| విడి ప్లేయర్ | సులువు | సాఫ్ట్‌వేర్ పాతబడే వరకు | ఇబ్బంది లేదు | ఉండదు |

## డాంగిలా, టేబుల్ డాకా

డాంగిల్ టాబ్లెట్ బ్యాటరీనే తింటుంది. తేలికైన హెడ్‌ఫోన్‌తో సాయంత్రం రెండు గంటలు వినేవాళ్లకు అది లెక్కలోకి రాదు. 300 ఓమ్‌ల హెడ్‌ఫోనో, కరెంటు ఎక్కువ అడిగే ప్లానర్ హెడ్‌ఫోనో ఉంటే ఫియో కే7 లాంటి సొంత అడాప్టర్ ఉన్న టేబుల్ డాక్-యాంప్ తీసుకోండి. టాబ్లెట్ మీద బరువు తగ్గుతుంది, వాల్యూమ్ నాబ్ చేతికి దొరుకుతుంది. కాకపోతే గోడ కరెంటు మళ్లీ మధ్యలోకి వచ్చింది. ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌దైతే కరెంటు పోయినప్పుడు హమ్ రావచ్చు. రోజూ కోతలుండే ఊళ్లో నేనైతే శక్తి కొంచెం తక్కువైనా మంచి డాంగిల్‌కే ఓటేస్తాను. ఒగ్గు కథ రికార్డింగులో డోలు మీద కర్ర పడే పొడి దెబ్బ, చేత్తో కొట్టే గుండ్రటి దెబ్బ వేర్వేరుగా తెలియాలంటే వెనకాల నిశ్శబ్దం ఉండాలి. ఆ నిశ్శబ్దం కోసం కొంత వాల్యూమ్ వదులుకోవచ్చు.

## ఎవరికి ఏది

హాస్టల్లో ఉండే విద్యార్థి కొత్తగా టాబ్లెట్ కొనొద్దు. ఉన్న ఫోన్‌కే డాంగిల్ తగిలించి, మిగిలిన డబ్బంతా హెడ్‌ఫోన్‌లో పెట్టాలి. ధ్వనిలో పెద్ద తేడా తెచ్చేది అదే.

రోజుకు 1.5 జీబీ డేటా ప్యాక్ మీద బతికేవాళ్లు లాస్‌లెస్ స్ట్రీమింగ్ లెక్క ఒకసారి చూసుకోవాలి. యాపిల్ చెప్పే ప్రకారం మూడు నిమిషాల లాస్‌లెస్ పాటకు సుమారు 36 ఎంబీ, 192 కిలోహెర్ట్జ్ అయితే 145 ఎంబీ. మొదటి రకం నలభై పాటలు, రెండో రకం పది పాటలకే ఆ రోజు ప్యాక్ ఖాళీ. ఇంట్లో వైఫై ఉంటే రాత్రి డౌన్‌లోడ్ చేసుకోండి. లేకపోతే ఫైళ్లు కొని కార్డులో పెట్టుకునే ఆండ్రాయిడ్ దారే మేలు.

రిటైరైన పెద్దవాళ్లకు కొనిపెడుతుంటే ఐప్యాడ్ గానీ, పెద్ద అక్షరాలు పెట్టిన ఆండ్రాయిడ్ టాబ్లెట్ గానీ, దానికి నాబ్ ఉన్న టేబుల్ డాక్. నాన్నగారికి మెనూలు నేర్పడం కన్నా నాబ్ తిప్పమని చెప్పడం సులువు. పెద్ద తెర మీద పాట పేరు కళ్లజోడు లేకుండా కనిపిస్తుంది. విడి ప్లేయర్ల చిన్న తెరలు వాళ్లకు శిక్షే.

పాత రికార్డింగులు సేకరించేవాళ్లు కార్డు స్లాటున్న ఆండ్రాయిడ్ టాబ్లెట్ కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. ఆ కార్డుకు ఇంకో కాపీ మాత్రం హార్డ్ డిస్కులో ఉంచండి. కార్డులు చెప్పాపెట్టకుండా పోతాయి, మీ ఊరి జాతర రికార్డింగు మళ్లీ ఎవరూ అమ్మరు.

## ఎండ, బ్యాటరీ, హబ్

యాపిల్ తన ఐప్యాడ్‌లను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమంటుంది. మే నెలలో రామగుండం వైపు బయట 45 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు, రేకుల గదిలో లోపలా అలాగే ఉంటుంది. ఆ వేడిలో చార్జింగ్ పెట్టి, డాక్ తగిలించి, తెర వెలిగించి గంటలకొద్దీ వాడితే బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది. ఎండాకాలం మధ్యాహ్నాలు బ్యాటరీ మీదే వినండి, చార్జింగ్ రాత్రి చల్లబడ్డాక పెట్టండి. టాబ్లెట్ ఎప్పుడూ చార్జర్ మీదే ఉంటుందనుకుంటే, 80 శాతం దగ్గర చార్జింగ్ ఆపే సెట్టింగు ఉందేమో చూడండి. శాంసంగ్‌లో బ్యాటరీ ప్రొటెక్షన్ పేరుతో ఉంటుంది.

హబ్ కొనేటప్పుడు మాత్రం పెట్టె మీద రాసింది నమ్మి వచ్చేయకండి. కొన్ని ఆండ్రాయిడ్ టాబ్లెట్లు ఓటీజీ (పోర్టుకు డాక్ లాంటివి తగిలించే వీలు) నడుస్తుండగా చార్జింగ్ తీసుకోవు. కొన్ని హబ్‌లలో చార్జర్ పెట్టగానే డాక్ ఒక్క క్షణం తెగిపోయి పాట ఆగుతుంది. కొన్ని టైప్-సీ కేబుళ్లు చార్జింగ్‌కే తప్ప డేటాకు పనికిరావు. హనుమకొండ చౌరస్తాలో కొన్నా, మీ వీధి చివర మొబైల్ షాపులో కొన్నా టాబ్లెట్, డాక్, చార్జర్, హెడ్‌ఫోన్ నాలుగూ వెంట తీసుకెళ్లండి. "అన్నా, ఒక్కసారి పెట్టి చూసి తీసుకుంటా" అంటే కాదనేవాళ్లు తక్కువ. పాట పెట్టి, మధ్యలో చార్జర్ తగిలించి, పది నిమిషాలు అక్కడే నిలబడి వినండి. చార్జింగ్ గుర్తు వచ్చి, పాట తెగకుండా, హమ్ లేకుండా నడిస్తే ఆ హబ్ తీసుకోండి.